పికప్ కొనేముందు మీ రిఫ్‌ని వినండి

నా దగ్గరికి గిటార్ పట్టుకొచ్చే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. “అన్నా, అన్నిటికంటే హాట్ పికప్ ఏదో చెప్పు, వేసేద్దాం.” వాళ్ల వయసులో నేనూ అదే అడిగాను. అప్పట్లో డ్రాప్ సిలో వాయించేవాణ్ణి. చేతిలో మామూలు గిటార్, బ్రిడ్జ్ దగ్గర దానితో పాటు వచ్చిన హంబకర్. రిఫ్‌లో బరువు లేదని నా దిగులు. పిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, పెట్టె మీద రెసిస్టెన్స్ అంకె అన్నిటికన్నా పెద్దగా ఉన్న పికప్ తెప్పించి బిగించాను. ఆ సాయంత్రం మొదటి పామ్ మ్యూట్ కొట్టగానే గుండె జారిపోయింది. శబ్దం పెరిగింది, కానీ రిఫ్ నీళ్లలో మునిగినట్టుంది. గబగబా కొట్టే నోట్లు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. పికప్‌లో లోపమేమీ లేదు. నాకు ఏం కావాలో తెలుసుకోకుండా కొన్నాను, అంతే. అది అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ, ఆ డబ్బూ మీకు మిగలాలని ఈ అధ్యాయం రాస్తున్నాను.

మా ఊరి జాతరలో డప్పు కొట్టేవాళ్లు ముందుగా ఎండుగడ్డి మంట వేసి డప్పు కాచేవాళ్లు. తిప్పుతూ కాచి, వేలితో తట్టి చూసి, చాలదనిపిస్తే మళ్లీ కాచేవాళ్లు. సడలిన డప్పును ఎంత బలంగా బాదినా బొదబొదమంటుంది. బిగిసిన డప్పు మీద చిటికెన పుల్ల తగిలినా ఆ దెబ్బ వీధి చివరిదాకా వెళుతుంది. హెవీ సంగీతంలో మనం బరువు అని పిలిచేది చాలావరకు ఈ బిగువే. నోటు చటుక్కున మొదలవ్వాలి, చెయ్యి ఆనించగానే ఆగిపోవాలి, ఆ మధ్య నిశ్శబ్దం శుభ్రంగా ఉండాలి. పికప్ ఎంపికంతా ఈ బిగువు కోసం వెతుకులాటే అనుకోండి, సగం పని అయిపోతుంది.

ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి వైరు చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్లలో కరెంటు పుడుతుంది. చుట్లు పెరిగితే ఔట్‌పుట్ పెరుగుతుంది, నిజమే. కానీ పెట్టె మీద కిలో ఓమ్‌లలో ఉండే అంకె ఔట్‌పుట్ కాదు, ఆ వైరు రెసిస్టెన్స్. వైరు సన్నబడినా అది పెరుగుతుంది, పొడవు పెరిగినా పెరుగుతుంది. చివరికి ఎండ కాచినా పెరుగుతుంది. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున ఎక్కువవుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల చలిలో 16.4 కిలో ఓమ్‌లు చూపిన పికప్‌ను మే నెలలో 40 డిగ్రీల గదిలో మల్టీమీటర్‌తో కొలవండి, 17.7 దాకా చూపిస్తుంది. వేసవి వచ్చిందని మీ గిటార్ ఏమైనా హెవీగా మోగుతోందా?

ఇంకా సూటిగా చెప్పే ఉదాహరణ ఉంది. సేమర్ డంకన్ కంపెనీ బ్రిడ్జ్ పికప్‌లు మూడు తీసుకోండి. జేబీ 16.4, డిస్టార్షన్ 16.6, ఇన్వేడర్ 16.8. అంకెలు అన్నదమ్ముల్లా ఉన్నాయి, స్వభావాలు మాత్రం వేరు. జేబీలో అల్నికో 5 అయస్కాంతం, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం. దాని మిడ్స్ గొంతెత్తి పాడతాయి, బేస్ కొంచెం మెత్తగా ఉంటుంది. డిస్టార్షన్‌లో సెరామిక్ అయస్కాంతం. నోటు మొదలు పదునుగా ఉంటుంది, కింది నోట్లు గట్టిగా నిలబడతాయి. ఇన్వేడర్‌లో సెరామిక్ అయస్కాంతాలు మూడు, పైన పెద్ద తలల మరలు, మందమైన ధ్వని. ఈ మూడింటినీ అంకె చూసి ఎంచేవాడు లాటరీ టికెట్ కొన్నట్టే.

చుట్లు పెరిగితే మరొకటి కూడా జరుగుతుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కాయిల్ ఇండక్టెన్స్ పెరుగుతుంది. ఆ ఇండక్టెన్స్, మీ కేబుల్‌లో ఉండే కెపాసిటెన్స్ కలిసి ట్రెబుల్ ఎక్కడ శిఖరం కట్టి పడిపోవాలో నిర్ణయిస్తాయి. మీటరుకు 100 పికోఫారడ్‌ల లెక్కన ఆరు మీటర్ల కేబుల్‌తో వాయిస్తున్నారనుకోండి. 4.5 హెన్రీల పాతకాలపు తరహా హంబకర్‌కు ఆ శిఖరం సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర ఉంటే, 8 హెన్రీల హాట్ పికప్‌కు 2,300 దగ్గరికి దిగిపోతుంది. పిక్ తీగను గీరే చప్పుడు, కార్డ్‌లో ఒక్కో తీగ విడిగా వినబడే స్పష్టత ఆ దిగిపోయిన భాగంలోనే ఉంటాయి. నా డ్రాప్ సి రిఫ్ మునిగింది అక్కడే.

అయితే అంత ఔట్‌పుట్ ఎందుకు పుట్టిందని అడగాలి. హెవీ మెటల్ హై ఔట్‌పుట్ పికప్‌తో మొదలు కాలేదు. 1970లో వచ్చిన బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్‌లో టోనీ అయోమీ ఎక్కువగా వాయించింది పీ-90 సింగిల్ కాయిల్స్ ఉన్న గిబ్సన్ ఎస్‌జీ. ఆ రికార్డింగ్‌కు ఆయన స్ట్రాటోకాస్టర్‌తో వెళ్లాడు, పికప్ పాడవడంతో ఎస్‌జీ తీశాడు. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో వేళ్ల కొనలు పోగొట్టుకున్న మనిషి, సన్నటి తీగలు వాడాడు. గిటార్‌కూ ఆంప్‌కూ మధ్య ట్రెబుల్ బూస్టర్ పెట్టాడు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం. ఆనాటి వాల్వ్ ఆంప్‌లలో గెయిన్ తక్కువ. ముందు నుంచి గట్టిగా తోస్తేనే అవి పగిలి గర్జించేవి. ఆ తోపు కోసమే లారీ డిమార్జియో 1972లో సూపర్ డిస్టార్షన్ పికప్ తెచ్చాడు. కొన్న గిటార్‌లోని పికప్ తీసి వేరేది వేసుకోవడమనే అలవాటు దానితోనే ఊపందుకుంది.

ఇవాళ మీ ముందున్న ఆంప్‌లో, లేదా లాప్‌టాప్‌లోని ఆంప్ సిమ్యులేటర్‌లో గెయిన్ నాబ్ సగం కూడా తిప్పనక్కర్లేదు. తోపు కోసం పికప్ కొనాల్సిన రోజులు పోయాయి. హాట్ పికప్ వల్ల ఇప్పుడు దక్కేది వేళ్లకు తెలిసే తేడా. నోట్లు కొంచెం కుదించుకుని సమానంగా వస్తాయి, లీడ్‌లో నోటు ఎక్కువసేపు నిలుస్తుంది, పించ్ హార్మోనిక్ తేలిగ్గా కీచుమంటుంది. లీడ్ వాయించేవాళ్లకు ఇది వరమే. కింది తీగల మీద వేగంగా రిథమ్ కొట్టేవాళ్లకు అదే కుదింపు అడ్డు కావచ్చు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పరీక్ష. ఇది చేయకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దని నా గట్టి మాట.

గిటార్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలిపి, ఏ ఎఫెక్టూ లేకుండా మీ మూడు రిఫ్‌లు రికార్డ్ చేయండి. ఒకటి పామ్ మ్యూట్లతో నిండింది, ఒకటి మోగుతూ వదిలేసే పెద్ద కార్డ్‌లది, ఒకటి లీడ్. దానికి మీ ఆంప్ సిమ్యులేటర్ పెట్టి వినండి. తర్వాత సిమ్యులేటర్‌లోకి వెళ్లే సిగ్నల్‌ను 6 డెసిబెల్స్ పెంచండి. అంటే వోల్టేజ్ రెట్టింపు చేసినట్టు. మామూలు హంబకర్ తీసి బాగా హాట్ పికప్ వేస్తే వచ్చే పెంపు దీనికి అటూ ఇటూగా ఉంటుంది. మీకు కావలసిన బరువు ఇప్పుడు వచ్చిందా? వస్తే మీకు నిజంగానే ఔట్‌పుట్ కావాలి. ముద్ద ఇంకా పెరిగిందా? అయితే నేను చేసిన తప్పు దారిలో మీరూ ఉన్నారు.

తర్వాత మెట్టు. సిగ్నల్‌ను ఎప్పటి స్థాయికి తెచ్చి, ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెట్టండి. డ్రైవ్ సున్నా, లెవెల్ దాదాపు పూర్తిగా. ఆ సర్క్యూట్ 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న బేస్‌ను డిస్టార్షన్‌కు ముందే పలచబరుస్తుంది. రిఫ్ ఒక్కసారిగా బిగుస్తుంది. బేస్ తగ్గిస్తే బరువు పెరగడమేమిటని మొదటిసారి అందరూ ఆశ్చర్యపోతారు. కారణం ఇది. డిస్టార్షన్‌లోకి కింది నోటు ఎంత లావుగా వెళితే, అది పై నోట్లన్నిటినీ అంతగా తనలో కలిపేసుకుని బురద చేస్తుంది. డిస్టార్షన్ తర్వాత బేస్ పెంచుకోవచ్చు, ముందు మాత్రం సన్నగా ఉండాలి. అయోమీ ట్రెబుల్ బూస్టర్ చేసిన మేలు కూడా ఇదే. ఈ పరీక్షలో మీ మనసు కుదుటపడితే మీకు కావలసింది బిగువైన పికప్. ఔట్‌పుట్ మధ్యస్తంగా ఉన్నా చాలు, సెరామిక్ అయస్కాంతం ఉన్నవి చూడండి.

మూడో మెట్టుకు స్క్రూడ్రైవర్ చాలు. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పికప్ పోల్ పైదాకా కొలవండి. బ్రిడ్జ్ పికప్‌కు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, లావు తీగల వైపు కొద్దికొద్దిగా దించుతూ వినండి. ఎన్నో గిటార్లకు నేను పికప్ మార్చకుండా ఇక్కడే పని ముగించి పంపాను. పాత తీగలు, డ్రాప్ సికి సరిపోని సన్నటి గేజ్ కూడా బిగువును దొంగిలించేవే. సడలిన తీగ కింద ఏ పికప్ పెట్టినా సడలిన ధ్వనే వినిపిస్తుంది.

ఇంటర్‌ఫేస్‌తో వాయించేవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని ఇంటర్‌ఫేస్‌ల ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ హాట్ పికప్‌ను తట్టుకోలేదు. గెయిన్ నాబ్ సున్నాలో ఉన్నా గట్టిగా కొడితే ఎర్ర లైట్ వెలుగుతుంది. ఆ డిజిటల్ క్లిప్పింగ్‌కూ వాల్వ్ ఆంప్ గర్జనకూ పోలికే లేదు, చెవిలో పుల్ల గుచ్చినట్టుంటుంది. మీ దగ్గరున్న ఇంటర్‌ఫేస్ ఇప్పటికే అంచున ఉంటే, హాట్ పికప్ మీకు కొత్త సమస్యను కొనిపెడుతుంది.

ఇక యాక్టివ్ పికప్‌ల సంగతి. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు నేనూ ఆ జనంలో ఉన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లపాటు నాకు తెలిసిన ప్రతి గిటారిస్టు నోటా ఈఎంజీ 81 అనే యాక్టివ్ పికప్ మాటే. జేమ్స్ హెట్‌ఫీల్డ్, జాక్ వైల్డ్ లాంటివాళ్ల ధ్వనిలో దాని ముద్ర ఉంది. దీని కథ పూర్తిగా వేరు. కాయిల్‌లో చుట్లు తక్కువ, లోపలే చిన్న ప్రీఆంప్, దానికి 9 వోల్టుల బ్యాటరీ. శక్తి ప్రీఆంప్ ఇస్తుంది కాబట్టి కాయిల్‌ను వేలకు వేలు చుట్టి ట్రెబుల్ పోగొట్టుకోనక్కర్లేదు. పొడవాటి కేబుల్ కూడా ధ్వనిని మింగదు. అందుకే 81లో ఆ పదును, ఆ క్రమశిక్షణ. గిటార్ చెక్క స్వభావం, మీ చేతి ఒత్తిడిలోని తేడాలు కొంత చదునవుతాయి. వేగంగా, ఒకే బలంతో కొట్టే త్రాష్ రిథమ్‌కు అది కలిసొస్తుంది. వాల్యూమ్ తగ్గించి క్లీన్‌లోకి జారి, మళ్లీ పెంచి గర్జించాలనుకునేవాళ్లకు నేను బ్యాటరీ లేని పాసివే సిఫారసు చేస్తాను. ఫిష్‌మన్ ఫ్లూయెన్స్ మరో దారి పట్టింది. అందులో వైరు చుట్టకుండా ప్రింటెడ్ సర్క్యూట్ పొరలు పేర్చి కాయిల్ చేస్తారు, ఒక స్విచ్‌తో రెండు స్వభావాలు వస్తాయి. బ్యాటరీ మాత్రం ఈఎంజీ కన్నా చాలా వేగంగా తాగుతుంది.

యాక్టివ్ వేసేటప్పుడు పాత నాబ్‌లు అలాగే ఉంచేయడం నేను తరచూ చూసే పొరపాటు. పాసివ్ హంబకర్‌కు నాబ్ కింద 500 కిలో ఓమ్ పాట్లు కావాలి, ఈఎంజీకి 25. పాత 500 పాట్‌తో ఈఎంజీ వాయిస్తే వాల్యూమ్ నాబ్ లైటు స్విచ్‌లా పనిచేస్తుంది, ఉంటే అంతా ఉంటుంది, లేకపోతే ఏమీ లేదు. జాక్ కూడా స్టీరియోది వేయాలి, కేబుల్ గుచ్చినప్పుడే బ్యాటరీ కలిసేలా. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయడం అలవాటు చేసుకోండి. గిటార్ లోపల బ్యాటరీకి చోటుందో లేదో కొనకముందే మూత విప్పి చూడండి.

మన ఇళ్లకు సంబంధించి ఇంకో మాట. అద్దె గదుల్లో ప్లగ్ పాయింట్‌కు మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. తీగ మీద చెయ్యి వేయగానే హమ్ తగ్గి, తీయగానే పెరుగుతోందంటే చాలామంది పికప్‌ను అనుమానిస్తారు. హంబకర్ కనిపెట్టింది హమ్ పోగొట్టడానికే, కానీ అన్ని రకాల హమ్‌నూ కాదు. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన ఆ రెండు కాయిల్స్ అమరిక 50 హెర్ట్జ్ మెయిన్స్ నుంచి వచ్చే అయస్కాంత గోలను ఒకదానితో ఒకటి కొట్టేసుకునేలా చేస్తుంది. ఎర్తింగ్ లేని లైను, లోపల షీల్డింగ్ లేని గిటార్ వల్ల వచ్చే రొద దాని చేతిలో లేదు. హై గెయిన్‌లో అది పదింతలై వినబడుతుంది. పికప్ డబ్బుకు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మైకు దగ్గర పాడుతూ వాయించేవాళ్లకు ఇది ధ్వని సంగతే కాదు, ప్రాణం సంగతి. ఒక చేతిలో తీగలు, పెదవికి మైకు, మధ్యలో చెడిన ఎర్తింగ్ ఉంటే షాక్ కొడుతుంది. ఈఎంజీ పికప్‌లు పూర్తిగా వేసిన గిటార్‌లో బ్రిడ్జ్‌కు వెళ్లే ఎర్త్ వైరు కలపవద్దని ఆ కంపెనీయే చెబుతుంది. ఆ ప్రమాదం తగ్గడం దానికి ఒక కారణం.

హమ్ వేరు, కీచు వేరు. గెయిన్ పెంచగానే మైకు ఫీడ్‌బ్యాక్‌లా కీచుమంటే పికప్ లోపలి వైరు వణుకుతోందని అర్థం. మైనంలో ముంచిన పికప్‌కు ఆ బాధ తక్కువ. ఎడీ వాన్ హేలెన్ పాత గిబ్సన్ హంబకర్‌ను స్వయంగా కరిగిన మైనంలో ముంచింది ఇందుకే. ఆయన రికార్డులు విన్నవాళ్లెవరూ ఆ పికప్‌కు ఔట్‌పుట్ చాలలేదని అనరు. పాతకాలపు ధ్వని కోసం మైనం లేకుండా అమ్మే పికప్‌లు హెవీ సంగీతానికి వద్దు.

ఇక మీ గిటార్‌కు ఏది? ఇవి నా అభిప్రాయాలు, మీ చెవి ఒప్పుకుంటేనే తీసుకోండి. గిటార్ సన్నగా, మెరుపుగా మోగుతూ ట్యూనింగ్ ఈ నుంచి డ్రాప్ డి మధ్య ఉంటే జేబీ లాంటి అల్నికో హాట్ హంబకర్ దానికి కండ పట్టిస్తుంది. మహోగనీతో చేసి ముందే గుబురుగా మోగే గిటార్‌కు జేబీ వేస్తే మిడ్స్ ముద్దయిపోతాయి, దానికి సెరామిక్ పెట్టండి. ఏడు తీగల బి 62 హెర్ట్జ్‌కు దగ్గర, ఎనిమిది తీగల ఎఫ్ షార్ప్ 46 దగ్గర మోగుతాయి. అక్కడ అధిక ఔట్‌పుట్ శత్రువే, స్పష్టతే దేవుడు. మెషుగ్గా బ్యాండ్ వాళ్లు వాడిన స్వీడన్ లండ్‌గ్రెన్ పికప్‌ల మోజు ఆ స్పష్టత వల్ల వచ్చిందే. డూమ్ లాంటి నెమ్మది సంగీతానికి పీ-90 అయినా చాలు, అయోమీ చూపించాడు. బ్యాండ్‌లో బేస్ గిటార్ ఉందన్నది మరవకండి. రికార్డులో గుండెకు తగిలే కింది బరువు ఎక్కువగా ఆ మనిషిదే. గదిలో ఒంటరిగా బ్రహ్మాండంగా అనిపించే లావు ధ్వని డ్రమ్స్, బేస్ మధ్య మాయమైపోతుంది.

ఆర్డర్ పెట్టేముందు తీగల మధ్య దూరం కొలవండి. ఫ్లాయిడ్ రోజ్ లాంటి బ్రిడ్జ్‌లకు కొంచెం వెడల్పు పికప్ కావాలి. డిమార్జియో దాన్ని ఎఫ్-స్పేస్డ్ అంటుంది, సేమర్ డంకన్ ట్రెమ్‌బకర్ అంటుంది. వైర్ల రంగులు కంపెనీకో తీరుగా ఉంటాయి. పాతది విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీయండి, కొత్తదాని రంగుల పటం అదే కంపెనీది తీసుకోండి. బిగించాక రెండు పికప్‌లు కలిపి వాయిస్తే ముక్కుతో మాట్లాడినట్టు బోలుగా ఉంటే ఫేజ్ తిరగబడిందన్నమాట. ఒకదాని హాట్, గ్రౌండ్ వైర్లు మార్చి కలపండి. షీల్డ్ వైరు మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌కే ఉండాలి. కొత్త పికప్ వైర్లను పొట్టిగా కత్తిరించకండి, పూర్తి పొడవు చుట్టి లోపల దాచండి.

బిగించిన రోజే తీర్పు చెప్పకండి. అవే మూడు రిఫ్‌లు అదే చేతితో, కొత్త తీగలు వేసి ఎత్తు సరిచూసుకున్నాక మళ్లీ రికార్డ్ చేయండి. పాతదీ కొత్తదీ ఒకే శబ్ద స్థాయికి తీసుకురండి, ఇది తప్పనిసరి, ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే మంచిదని చెవి ఎప్పుడూ ఒప్పేసుకుంటుంది. ఫైళ్ల పేర్లు దాచి మీ డ్రమ్మర్ చేత వినిపించుకోండి. ఒక వారం ఆగి ఇంకోసారి వినండి. రెండుసార్లూ ఏది ఏదో తేల్చలేకపోతే పాత పికప్ తిరిగి వేసుకుని, కొత్తదాన్ని పెట్టెతో సహా అమ్మేయండి. వైర్లు పూర్తి పొడవు ఉంటే మంచి ధరే వస్తుంది.